నట్టల మందు చీటీ ఎవరు రాయాలి?

హాస్టల్ వార్షికోత్సవ సంచికలో గొర్రెలు, మేకల మందుల గురించి వ్యాసమేమిటని కొందరు మిత్రులకు అనిపించవచ్చు. మెస్ ఛార్జీలు, స్కాలర్‌షిప్పులు, పోటీ పరీక్షలు, ఉద్యోగాలు కదా మనం రాసుకోవలసినవి అనవచ్చు. నిజమే. కానీ ట్రంకు పెట్టె పట్టుకుని ఈ హాస్టల్‌కు వచ్చిన మనలో ఎంతమంది ఇళ్ల ముందు మేకలు కట్టేసి ఉండేవో ఒక్కసారి గుర్తు చేసుకుందాం. పరీక్ష ఫీజు కట్టాల్సి వస్తే మేకపోతును అంగడికి తోలిన ఇళ్లు మనవి. అక్క పెళ్లికి, అమ్మ ఆపరేషన్‌కు గొర్రెలు అమ్ముకున్న ఇళ్లు మనవి. సెంటు భూమి లేని ఇంటికి మేకే ముల్లె. ఆ మేక కడుపులో నట్టలు పడితే చిక్కిపోయేది మేక ఒక్కటే కాదు, ఇల్లు కూడా.

2019లో జరిగిన 20వ పశుగణన ప్రకారం తెలంగాణలో సుమారు 1 కోటి 90 లక్షల గొర్రెలున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 1 కోటి 76 లక్షలు. దేశంలో మొదటి స్థానం తెలంగాణది, రెండో స్థానం ఆంధ్రప్రదేశ్‌ది. దేశంలోని గొర్రెల్లో దాదాపు సగం మన రెండు రాష్ట్రాల్లోనే ఉన్నాయన్నమాట. ఇన్ని జీవాలకు నట్టల మందు ఏది వేయాలో, ఎంత వేయాలో, ఎప్పుడు వేయాలో ఎవరు చెబుతున్నారు? ఎవరు చెప్పాలి? మందు ఎవరు అమ్మాలి? ఈ మూడు ప్రశ్నలనే ఈ వ్యాసంలో చర్చించదలచుకున్నాం.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. నట్టల మందు చెప్పే హక్కును పశువుల డాక్టరు ఒక్కరికే పరిమితం చేస్తే పేదవాడికి అది అందదు. అమ్మేవాడికే వదిలేస్తే అందుతుంది గానీ పనిచేయదు. శిక్షణ పొంది, డాక్టరు పర్యవేక్షణలో ఉండి, తాను చెప్పిన దానికి రాతపూర్వకంగా బాధ్యత వహించే ఊరి మనిషికి ఆ హక్కును ఒక హద్దు వరకు ఇవ్వాలి. మందు చెప్పే ఆ మనిషికి సీసా మీద ఒక్క రూపాయి కూడా లాభం ఉండకూడదు.

నట్టలంటే చిన్న సంగతి కాదు

గాలికుంటు వస్తే ఊరంతా తెలుస్తుంది. చిటుకు రోగం వస్తే తెల్లారేసరికి జీవం చచ్చి పడి ఉంటుంది. నట్టలు అలా కాదు. అవి చప్పుడు లేకుండా తినేస్తాయి. గొర్రెలు, మేకల నాలుగో పొట్టలో చేరే హీమాంకస్ అనే నట్ట రక్తం పీల్చి బతుకుతుంది. ఒక్కో నట్ట రోజుకు సుమారు 0.05 మిల్లీలీటర్ల రక్తం తాగుతుందని శాస్త్రజ్ఞుల లెక్క. వింటే ఎంత తక్కువ అనిపిస్తుంది! వెయ్యి నట్టలుంటే రోజుకు 50 మిల్లీలీటర్లు. అంటే నాలుగు రోజులకు ఒక టీ గ్లాసుకు మించిన రక్తం. ఆడ నట్ట రోజుకు 5,000 నుంచి 10,000 గుడ్ల దాకా పెడుతుంది. అవి పెంటికలతో నేల మీద పడతాయి. వాన పడి పచ్చిక మొలిచే నాటికి పిల్లలై గడ్డి మీదికి పాకుతాయి. గొర్రె మళ్లీ వాటినే మేస్తుంది.

జీవం పాలిపోతుంది. ఉన్ని రాలుతుంది. దవడ కింద నీరు దిగి సంచిలా వేలాడుతుంది. పిల్లలకు పాలు చాలవు. కార్జంలో చేరే జలగలు, పొట్ట జలగలు, పేగుల్లో ఉండే బద్దె పురుగులు వేరే ఉన్నాయి. ఒక్కో రకానికి ఒక్కో మందు. ఒక మందు అన్నిటికీ పనిచేయదు. ఈ ఒక్క విషయం గుర్తుంటే చాలు, మందు చెప్పడం ఎంత బాధ్యతగల పనో అర్థమవుతుంది.

చట్టం ఏం చెబుతోంది?

మన దేశంలో మందుల అమ్మకానికి 1940 నాటి ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టం, 1945 నాటి నిబంధనలు ఆధారం. పశువుల మందులు కూడా వీటి కిందికే వస్తాయి. లైసెన్సు లేకుండా మందులు అమ్మకూడదు. షెడ్యూల్ హెచ్ జాబితాలోని మందులను రిజిస్టరైన వైద్యుడి చీటీ ఉంటేనే చిల్లరగా అమ్మాలి. మన ఊళ్లలో నీళ్లలా తాపే ఆల్బెండజోల్ పేరు ఆ జాబితాలో ఉంది. పశువుల మందు సీసా మీద జంతువు తల బొమ్మ, మనుషులు వాడరాదన్న హెచ్చరిక ఉండాలని కూడా నిబంధన ఉంది. 2012లో నిబంధనలను సవరించి, మందు వాడాక ఎన్ని రోజులు ఆ జంతువు పాలు, మాంసం వాడకూడదో సీసా మీద రాయాలన్నారు. ఆ గడువును పరీక్షించి తేల్చని మందులకు పాలు, గుడ్ల విషయంలో కనీసం 7 రోజులు, మాంసం విషయంలో కనీసం 28 రోజులు అని పెట్టారు.

వైద్యం ఎవరు చేయాలన్నది 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం చెబుతుంది. రిజిస్టరైన పశువైద్యుడే వైద్యం చేయాలి. అయితే ఆ చట్టంలోని 30వ సెక్షన్ ఒక కిటికీ తెరిచి ఉంచింది. డిప్లొమా లేదా సర్టిఫికెట్ ఉన్న సహాయకులు పశువైద్యుడి పర్యవేక్షణలో ప్రాథమిక సేవలు చేయడానికి రాష్ట్ర ప్రభుత్వం అనుమతి ఇవ్వవచ్చు. టీకాలు వేయడం, గాయాలకు కట్టు కట్టడం వంటివి ఇందులోకి వస్తాయి. ఇంకా ఏయే జబ్బులకు వారు వైద్యం చేయవచ్చో రాష్ట్ర ప్రభుత్వమే నోటిఫికేషన్ ద్వారా చెప్పవచ్చు. మిత్రులు ఈ మాటను గమనించాలి. మేం కోరేదానికి చాలావరకు దారి చట్టంలోనే ఉంది.

ఊళ్లో జరుగుతున్నదేమిటి?

చట్టం పుస్తకంలో ఉంది. మంద కంచెలో ఉంది. ఈ రెంటి మధ్య దూరం ఎంతో మన ఇళ్లలో అందరికీ తెలుసు. పశువైద్యశాల పొద్దున తెరిచే వేళకు కాపరి మంద తోలుకుని పోయి ఉంటాడు. పొద్దుగూకి తిరిగొచ్చే వేళకు అది మూసి ఉంటుంది. ఇరవై గొర్రెలను నాలుగు మైళ్లు నడిపించి చూపించుకు రావడం అయ్యే పని కాదు. పాలమూరు వైపు కాపరులు మేత కోసం నెలల తరబడి మందలతో వలస పోతారు. వాళ్లకు తమ ఊరి డాక్టరు కూడా దొరకడు.

అప్పుడేం చేస్తారు? అంగడి రోజున మందుల షాపుకు పోయి "గొర్లకు నట్టల మందు ఇయ్యి" అంటారు. షాపాయన ఏది చేతికందితే అది, లేదా ఏ కంపెనీ ఎక్కువ మిగులు ఇస్తే అది ఇస్తాడు. గొర్రె బరువెంత అని అడగడు. చూలు కట్టిందా అని అడగడు. పోయినసారి ఏ మందు తాపావు అని అడగడు. ఆయన్ను తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. ఆయనకది ఎవరూ నేర్పలేదు. ఫార్మసీ చదువులో ప్రధానంగా చెప్పేది మనుషుల మందుల గురించే. పైగా కౌంటరు దగ్గర నిలబడే కుర్రాడు ఫార్మసిస్టు కాకపోవడం మనమంతా చూస్తున్నదే.

ఊరూరా సంచి తగిలించుకుని తిరిగే సూది మందు మనుషులు మరో రకం. గోమార్లు పట్టాయంటే ఏకంగా పురుగుమందుల షాపుకు పోయి పత్తికి కొట్టే మందు తెచ్చి పశువు ఒంటికి పూసేవాళ్లూ ఉన్నారు. పశువు నాకి చచ్చిపోతే "దాని రాత" అనుకుంటాం. అది రాత కాదు. చెప్పే మనిషి లేకపోవడం.

తప్పు మోతాదుకు మూల్యం

ఒక చిన్న లెక్క చూద్దాం. గొర్రెకు ఆల్బెండజోల్ కిలో బరువుకు 7.5 మిల్లీగ్రాములు ఇవ్వాలన్నది సాధారణ మోతాదు. 2.5 శాతం ద్రావణంలో ఒక మిల్లీలీటరుకు 25 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. అంటే 20 కిలోల గొర్రెకు 6 మిల్లీలీటర్లు, 40 కిలోల పొట్టేలుకు 12 మిల్లీలీటర్లు. మంద మొత్తానికి తలా 6 మిల్లీలీటర్లు తాపితే పొట్టేలుకు అందేది సగం మోతాదు. మేకల సంగతి ఇంకా వేరు. మేక శరీరం ఈ జాతి మందులను గొర్రె కంటే త్వరగా బయటికి పంపేస్తుంది. అందుకే గొర్రె మోతాదు మేకకు చాలదని పశువైద్యులు చెబుతారు. కానీ మన ఊళ్లలో రెంటికీ ఒకే గ్లాసు, ఒకే కొలత.

సగం మోతాదు ఇస్తే నష్టమేమిటి, సగం నట్టలైనా చస్తాయి కదా అనుకోవచ్చు. అక్కడే ఉంది ప్రమాదం. బలహీనమైనవి చస్తాయి. మందును తట్టుకోగలిగినవి మిగులుతాయి. మిగిలినవే గుడ్లు పెడతాయి. కొన్ని తరాలు గడిచేసరికి ఆ మందుకు చావని నట్టలే మంద నిండా ఉంటాయి. థయాబెండజోల్ అనే మందు 1961లో వచ్చింది. మూడేళ్లు తిరక్కుండానే, 1964 నాటికి, దానికి లొంగని హీమాంకస్ నట్టలు అమెరికాలో బయటపడ్డాయి. మన దేశంలోనూ 1970ల నుంచే ఇలాంటి నివేదికలున్నాయి. 1981లో ఐవర్‌మెక్టిన్ మార్కెట్లోకి వచ్చింది. దాన్ని కనిపెట్టినందుకు విలియం క్యాంప్‌బెల్, సతోషీ ఒమురాలకు 2015లో నోబెల్ బహుమతి కూడా వచ్చింది. అంత గొప్ప మందుకూ లొంగని నట్టలు పదేళ్లు నిండకుండానే దక్షిణాఫ్రికా గొర్రెల్లో కనిపించాయి. ఆ తర్వాత గొర్రెలకు మరో కొత్త జాతి మందు, మోనెపాంటెల్, న్యూజిలాండ్‌లో విడుదలయ్యే సరికి 2009 వచ్చింది. కొత్త మందు రావడానికి 28 ఏళ్లు పడితే, ఉన్న మందు పాడవడానికి అందులో మూడో వంతు కాలం కూడా పట్టలేదు.

షాపులో ఇంకో మాయ ఉంది. పోయినసారి ఆల్బెండజోల్ పనిచేయలేదంటే ఈసారి ఫెన్‌బెండజోల్ ఇస్తారు. సీసా మారింది, పేరు మారింది, ధర మారింది. కానీ రెండూ ఒకే జాతి మందులు. ఒకదానికి లొంగని నట్ట సాధారణంగా రెండోదానికీ లొంగదు. ఈ సంగతి తెలియనివాడు కొన్నా డబ్బు దండగే, తెలియనివాడు అమ్మినా డబ్బు దండగే.

మోతాదు ఎక్కువైనా ప్రమాదమే. ఆల్బెండజోల్‌ను చూలు కట్టిన మొదటి నెలలో తాపితే పుట్టే పిల్లలకు అవకరాలు రావచ్చు. క్లోసాంటెల్ మోతాదు మించితే గొర్రెలకు, మేకలకు చూపు పోతుంది. లెవామిసోల్‌లో సరైన మోతాదుకూ విష మోతాదుకూ మధ్య ఎడం తక్కువ. అయితే ఇవన్నీ నేర్చుకుంటే వచ్చే విషయాలే. నేర్పేవాళ్లు కావాలి, అంతే.

డాక్టర్లే రాయాలంటే?

పశువైద్యులు చెప్పే వాదనలో బలముంది. నట్టలున్నాయో లేవో పెంటికల పరీక్ష చేస్తేగాని తేలదు. పాలిపోయిన ప్రతి జీవానికీ నట్టలే కారణం కాదు. అయిదేళ్లు చదివిన మాకే అనుమానం వచ్చే చోట మూడు నెలల శిక్షణ పొందినవాళ్లు ఏం చెబుతారని వారు అడుగుతారు. సబబైన ప్రశ్నే.

కానీ మా ప్రశ్న కూడా వినాలి. 5,000 పశువుల యూనిట్లకు ఒక పశువైద్యుడు ఉండాలని జాతీయ వ్యవసాయ కమిషన్ 1976లోనే సిఫారసు చేసింది. యాభై ఏళ్లు గడిచినా ప్రతి కాపరికీ నడిచిపోయే దూరంలో డాక్టరు లేడు. 1962 నంబరుకు ఫోన్ చేస్తే వచ్చే సంచార పశువైద్య వాహనాలు తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో మొదలయ్యాయి. అవి మంచి పనే చేశాయి. అయితే అవి ప్రాణం మీదికి వచ్చినప్పుడు పిలిచే బండ్లు. ఏడాదికి రెండు మూడుసార్లు మంద మొత్తానికి తాపే మందు కోసం ఎవరూ అంబులెన్సును పిలవరు. "డాక్టరు చీటీ తప్పనిసరి" అని బోర్డు పెడితే చీటీ రాదు. చీటీ లేని అమ్మకం వెనక గుమ్మంలోంచి సాగుతుంది. పాటించడానికి వీలులేని నిబంధన పేదవాణ్ని కాపాడదు, వాడు చేసే పనిని దొంగపని చేస్తుంది.

షాపుకే వదిలేస్తే?

ఇంకో వాదన ఉంది. ఇవి మామూలు మందులు, ఎవరైనా అమ్ముకోవచ్చు, పోటీ పెరిగితే ధర తగ్గుతుంది, రైతు తెలివైనవాడు, తనకేది కావాలో వాడికే తెలుసు అంటారు. రైతు తెలివి మీద మాకు అనుమానం లేదు. మందలో ఏ గొర్రె ఏ గొర్రెకు పుట్టిందో చెప్పగల కాపరి తెలివిని ఎవరు శంకిస్తారు? కానీ సీసాలో ఏముందో తెలియాలంటే దాని మీద తెలుగులో రాసి ఉండాలి కదా! అమ్మినకొద్దీ లాభం వచ్చేవాడు "ఈసారి మందు అక్కర్లేదు" అని ఎన్నడైనా చెబుతాడా? నట్టల వైద్యంలో చాలాసార్లు చెప్పవలసిన మాట అదే.

మందును విచ్చలవిడిగా వదిలితే ఏమవుతుందో రాబందుల కథ చెబుతుంది. అది నట్టల మందు కాదు, డైక్లోఫెనాక్ అనే నొప్పుల మందు. ఆ సూది వేసిన పశువు చస్తే, దాని కళేబరం తిన్న రాబందులు మూత్రపిండాలు పాడై చనిపోయాయి. ఈ సంగతి 2004లో రుజువైంది. 2006లో పశువుల డైక్లోఫెనాక్ తయారీని మన దేశంలో ఆపించారు. 2008లో నిషేధ నోటిఫికేషన్ వచ్చింది. కానీ మనుషుల కోసం తయారైన పెద్ద సీసాలు షాపుల్లో దొరుకుతూనే ఉన్నాయి. అవే పశువులకు పోయాయి. చివరికి 2015లో మనుషుల సూది మందును 3 మిల్లీలీటర్ల చిన్న సీసాల్లోనే అమ్మాలని నిబంధన పెట్టారు. కాగితం మీద నిషేధం ఒక్కటే చాలదని, అమ్మే గుమ్మం దగ్గర కాపలా లేకపోతే ఏ నిబంధనా నిలవదని దీని సారాంశం.

మేం కోరేది

మొదటిది, చెప్పే చెయ్యి వేరు, అమ్మే చెయ్యి వేరు కావాలి. మందు రాసే మనిషికి నెలకింత అని గౌరవవేతనం ఇవ్వాలి. సీసాకింత అని కమీషన్ ఇవ్వకూడదు. కమీషన్ ఇచ్చిన రోజున ఆ మనిషి కూడా ఇంకో షాపే అవుతాడు.

రెండోది, మందులను మెట్లుగా విడదీయాలి. నిలబడి మేస్తున్న జీవాలకు నోటి ద్వారా తాపే మామూలు నట్టల మందులను ఒక జాబితాగా రాసి, అందులోంచి ఎంచి రాసే అధికారం శిక్షణ పొందిన ఊరి పశు కార్యకర్తకు ఇవ్వాలి. సూది మందులు, మోతాదు కాస్త మించితే ప్రమాదమైన మందులు, చూలు కట్టిన తొలినాళ్ల జీవాలు, మేత మానేసి పడుకున్న జీవాలు, ఒకసారి తాపినా గుణం కనిపించని మందలు డాక్టరుకే వదలాలి. పేరు లేని పొడులు, పంటల మందులు పశువులకు ఇవ్వడం ఎవరికీ అనుమతించకూడదు.

మూడోది, ప్రతి మందకూ ఒక పుస్తకం. ఏ తేదీన ఏ జాతి మందు, ఎంత మోతాదు, ఎన్ని జీవాలకు, ఎవరు రాశారు అన్నవి అందులో ఉండాలి. ప్రభుత్వం ఉచితంగా తాపించే మందు కూడా అందులో ఎక్కాలి. అప్పుడే ఒకే జాతి మందును మళ్లీ మళ్లీ తాపడం ఆగుతుంది. 2017లో తెలంగాణలో 75 శాతం సబ్సిడీ మీద 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంచిన పథకంలో పక్క రాష్ట్రాల నుంచి కూడా జీవాలు వచ్చాయి. జీవం చేతులు మారితే దాని కడుపులోని నట్టలూ చేతులు మారతాయి. మంద పుస్తకం జీవంతో పాటు నడిస్తే కొత్త ఇంటివాళ్లకు కనీసం సంగతి తెలుస్తుంది.

నాలుగోది, అందరికీ కాక అవసరమైన వాటికే మందు తాపే పద్ధతి నేర్పాలి. దక్షిణాఫ్రికాలో రూపొందిన ఫమాచా అనే పద్ధతి ఉంది. కింది కనురెప్పను వంచి లోపలి రంగును ఒక రంగుల అట్టతో పోల్చి చూస్తారు. ఎర్రగా ఉంటే మందు అక్కర్లేదు. పాలిపోయి ఉంటే మందు కావాలి. రక్తం పీల్చే హీమాంకస్‌కే ఇది పనికొస్తుంది, కార్యకర్తకు ఆ హద్దు కూడా నేర్పాలి. కొన్ని జీవాలకు మందు తాపకుండా వదిలితే మందుకు లొంగే నట్టలు కూడా బతికి ఉంటాయి, మొండి నట్టల సంతానం ఒక్కటే మందను కమ్మేయదు. దీనితో పాటు మందు తాపిన 10 నుంచి 14 రోజుల తర్వాత పశువైద్యశాలలో ఉచితంగా పెంటికల పరీక్ష జరగాలి. గుడ్లు 95 శాతమైనా తగ్గకపోతే ఆ మందును ఆ ఊళ్లో అనుమానించాలి.

అయిదోది, లైసెన్సున్న షాపులు, సహకార సంఘాలు మాత్రమే అమ్మాలి. చీటీ చూసి, బిల్లు ఇచ్చి అమ్మాలి. సీసా మీద మందు జాతి, కిలోకు మోతాదు, పాలు, మాంసం వాడకూడని రోజులు తెలుగులో ఉండాలి. 2025 మార్చిలో కేంద్ర మంత్రివర్గం పశు ఔషధి అనే అంశాన్ని ఆమోదించింది. పీఎం కిసాన్ సమృద్ధి కేంద్రాలు, సహకార సంఘాల ద్వారా చౌకగా జనరిక్ పశువుల మందులు అందించడం దాని ఉద్దేశం. చౌక మందును స్వాగతిస్తున్నాం. కానీ చౌక మందును తప్పుగా వాడితే అది మరింత త్వరగా పాడవుతుంది. కాబట్టి మందు అమ్మే చోటుతో పాటు మందు చెప్పే మనిషిని కూడా ఏర్పాటు చేయాలి.

ఇదంతా ఊహల్లో మాట కాదు. బ్రిటన్‌లో గొర్రెల నట్టల మందుల్లో చాలావాటిని పశువైద్యుడే కాక, ఫార్మసిస్టు, లేదా ప్రత్యేక పరీక్ష పాసై పేరు నమోదు చేసుకున్న వ్యక్తి కూడా రాసి ఇవ్వవచ్చు. అక్కడ రాసేవాళ్లే అమ్ముతారు కూడా. ఆ భాగం మనకు పనికిరాదన్నది మా అభిప్రాయం. మధ్య మెట్టును మాత్రం మనం తీసుకోవచ్చు.

"మనకెప్పుడూ అరకొరేనా?"

ఈ వ్యాసం రాసేముందు మాలో మాకే వాదన జరిగింది. పట్నంలో కుక్కపిల్లకు పెద్ద డాక్టరు, మన మేకకు మూడు నెలల శిక్షణ మనిషా? మనుషుల వైద్యంలో ఊళ్లకు ఆర్‌ఎంపీలను మిగిల్చినట్టే పశువైద్యంలోనూ పేదవాడికి సగం డాక్టరును అంటగడతారా? ఈ ప్రశ్న వేసిన మిత్రుల ఆవేదన న్యాయమైనది. బడి నుంచి ఆస్పత్రి దాకా మనకు వచ్చేది ఎప్పుడూ తరుగు సరుకే.

మా జవాబు ఇది. ఊరి కార్యకర్త డాక్టరుకు బదులు కాదు. పశువైద్యుల ఖాళీలు నింపాలన్న డిమాండును ఒక్క అంగుళం కూడా తగ్గించకూడదు. ప్రతి కార్యకర్త మీదా పేరు చెప్పగలిగిన ఒక డాక్టరు ఉండాలి. పుస్తకం మీద ఆ డాక్టరు సంతకం ఉండాలి. కార్యకర్త పొరపాటు చేస్తే ఆ డాక్టరును కూడా అడగగలగాలి. ఆర్‌ఎంపీకీ మేం చెప్పే కార్యకర్తకూ తేడా ఇదే. ఆర్‌ఎంపీకి హద్దు లేదు, పుస్తకం లేదు, పైన ఎవరూ లేరు. ఇవాళ పేదవాడికి దొరుకుతున్నది సగం డాక్టరు కూడా కాదు, కౌంటరు వెనక కుర్రాడు. దానికంటే ఇది మెరుగు.

తమ్ముళ్లకు, చెల్లెళ్లకు

ఈ పని చేసేవాళ్లు ఎక్కడి నుంచో దిగిరారు. 2000వ దశకం నుంచి మన ఊళ్లలో తిరిగిన గోపాలమిత్రలు మనలాంటి ఇళ్ల పిల్లలే. 2019లో ఆంధ్రప్రదేశ్ గ్రామ సచివాలయాల్లో పశుసంవర్ధక సహాయకులుగా చేరినవారిలోనూ మనలాంటి ఇళ్ల పిల్లలున్నారు. 2021లో కేంద్ర పశుసంవర్ధక శాఖ, గ్రామీణాభివృద్ధి శాఖ మధ్య ఒప్పందం కుదిరి, మహిళా సంఘాల సభ్యులకు పశు ఆరోగ్య కార్యకర్తలుగా శిక్షణ ఇచ్చే ఏ-హెల్ప్ కార్యక్రమం వచ్చింది. మేకలను మేపేదీ, పాలు పిండేదీ, జబ్బు మొదట కనిపెట్టేదీ అమ్మలే కాబట్టి ఈ అధికారం ఆడవాళ్ల చేతికి రావడం మరీ అవసరం.

పదో తరగతి చదువుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఒక మాట వినాలి. తిరుపతిలోని శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద, హైదరాబాద్‌లోని పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం కింద పశుసంవర్ధక పాలిటెక్నిక్‌లు ఉన్నాయి. పది పాసైనవాళ్లు అందులో రెండేళ్ల డిప్లొమా చేయవచ్చు. ఇంటర్ బైపీసీ చదివేవాళ్లు పశువైద్య డిగ్రీకి ప్రయత్నించవచ్చు. గొర్ల కాడికి పోయేవాడికి చదువెందుకు అన్న ఎగతాళి మనలో చాలామంది విన్నాం. ఆ మందకే డాక్టరై పోవడం, ఆ మాటకు మనం ఇవ్వగలిగిన మంచి సమాధానం.

ఇప్పటికే ఉద్యోగాల్లో ఉన్న పూర్వ విద్యార్థులకు మా విన్నపం మరొకటి. మనలో మందుల షాపులు నడిపేవాళ్లున్నారు, పశుసంవర్ధక శాఖలో పనిచేసేవాళ్లున్నారు, సర్పంచులున్నారు, టీచర్లున్నారు. చట్టం మారేదాకా ఆగనక్కర్లేదు. షాపు ఉన్నవాళ్లు కౌంటరు దగ్గర ఒక కాటా గుర్తు అంటించి "జీవం బరువెంత? చూలుదా? పోయినసారి ఏం తాపారు?" అనే మూడు ప్రశ్నలు అడగడం రేపటి నుంచే మొదలుపెట్టవచ్చు. శాఖలో ఉన్నవాళ్లు నెలకొకసారి ఒక ఊళ్లో పెంటికల పరీక్ష శిబిరం పెట్టించవచ్చు. టీచర్లు సెలవుల్లో పిల్లల చేత వాళ్ల ఇంటి మందకు ఒక నోటుబుక్కు రాయించవచ్చు. హాస్టల్ పిల్లలు సంక్రాంతికి ఇంటికి పోయినప్పుడు అలాంటి ఒక పుస్తకం తయారు చేసి వస్తే, వచ్చే సంవత్సరం ఇదే సంచికలో ఆ లెక్కలు అచ్చువేద్దాం. అప్పుడు మన డిమాండును అధికారుల ముందు మాటలతో కాక మన ఊళ్ల లెక్కలతో పెట్టగలుగుతాం.